బోడగడ్డ మీద కూర్చున్న మనిషి

ఆసిఫాబాద్ దాటి జీపు అడవిలోకి మళ్ళాక చాలాసేపు టేకు చెట్లే కనిపిస్తాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి చెట్లు ఆగిపోతాయి. ఎదురుగా గరుసు నేల, వానలు కోసేసిన ఒర్రెలు, ఎటు చూసినా రాళ్ళు. గడ్డి కూడా ఇక్కడొక పోచ అక్కడొక పోచగానే మొలుస్తుంది. అభయారణ్యం హద్దుల్లోనే ఉన్నా, అక్కడ నిలబడితే ఎవరో మనల్ని ఎడారిలో దించి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని బోడగడ్డ అంటారు.

ఆ గడ్డ మీద తవ్వకం పురావస్తు శాఖ నా చేతిలో పెట్టింది. అంతకుముందు చాలా తవ్వకాల్లో పనిచేశాను గానీ, ఎక్కడ తవ్వాలో, ఎక్కడ ఆపాలో చెప్పే మనిషిని నేనే కావడం అదే మొదలు. పాతరాతియుగం మనుషులు తిరిగిన చోటని సర్వేలో తేలింది. ఒర్రెల్లో కొట్టుకొచ్చిన రాతి పనిముట్లు దొరికాయి. అవి ఎక్కడి నుంచి కొట్టుకొచ్చాయో కనిపెట్టడం మా పని.

అడవిలో పని కాబట్టి షరతులు ఉన్నాయి. పొద్దెక్కాక రావాలి, పొద్దు గూకకముందే బయటపడాలి. మంట పెట్టకూడదు. మాతో ఎప్పుడూ అటవీశాఖ వాచర్ ఒకరు ఉండాలి. అలా వచ్చిన పెద్దమనిషిని అందరం దాదా అనేవాళ్ళం. గోండు మనిషి. తలకు తెల్ల తువ్వాల చుట్టుకుని, వెదురు కర్ర పట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. ఆ పక్క మరాఠీ అలవాటు కొద్దీ నన్ను 'బాయీ' అని పిలిచేవాడు. మట్టి పనికి దగ్గరి ఊరి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళకు పెద్దదిక్కుగా ఉండే ఆమె నాకంటే కొంచెం పెద్దది, ఆమెను నేను అక్కా అనేదాన్ని. దొరికిన ప్రతిదాన్నీ కాగితం మీదకు ఎక్కించడానికి కరీంనగర్ నుంచి ఒకాయన వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు సినిమా హాళ్ళకు బోర్డులు వేసేవాడట. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక మా దగ్గర నక్షాలు గీసే పనిలో చేరాడు. ఆడవాళ్ళంతా ఆయన్ని బొమ్మల సారు అనేవాళ్ళు.

మొదట తవ్విన గుంతల్లో ఏమీ దొరకలేదు. గరుసు, దాని కింద మళ్ళీ గరుసు. జల్లెడ పట్టి పట్టి ఆడవాళ్ళ చేతులు బొబ్బలెక్కాయి.

"ఏం దొరుకుతలేదు గద మేడం. మల్ల గిట్లనే తవ్వుకుంట పోవుడేనా?" అని అక్క అడిగింది ఒకరోజు.

"ఒర్రె పక్కకు పోదామక్కా. ఆడ మట్టి మెత్తగున్నది," అన్నాను. ధైర్యంగానే అన్నాను కానీ లోపల నాకే నమ్మకం లేదు.

ఒర్రె అంచున గరుసు తీసేస్తే కింద సన్నటి ఒండ్రు మట్టి తగిలింది. ఏ కాలంలోనో వరద నీళ్ళు మెల్లగా వచ్చి, నిలిచి, ఇంకిపోయినప్పుడు పేరుకునే మట్టి అది. తాపీ పక్కన పెట్టి చేత్తో మట్టి జరుపుతుంటే వేలికి చురుక్కుమంది. చూస్తే రక్తం.

"అయ్యో, గాజు పెంకా?" అక్క పరుగున వచ్చింది.

"గాజు కాదక్కా. రాయి."

చెకుముకి రాయి పెచ్చు అది. బొటనవేలి గోరుకంటే కొంచెం పెద్దది. ఎండకు పట్టి చూస్తే అంచు దగ్గర వెలుతురు దాటేంత పలచన. అక్క నా వేలికి తన కొంగు చింపి కట్టు కడుతుంటే నేను ఆ పెచ్చు వైపే చూస్తున్నాను. పనిముట్లు చేసేటప్పుడు రాయి మీద రాయితో కొడితే ఇలాంటి పెచ్చులు ఊడతాయి. ఒక మనిషి దెబ్బ కొట్టాడు, ఇది ఊడింది, కింద పడింది, మట్టి కప్పింది. అప్పటికి ఊళ్ళు లేవు, సేద్యం లేదు, ఇనుము లేదు. ఇన్ని వేల ఏళ్ళు గడిచినా దాని పదును పోలేదు. ఎవరో ఎప్పుడో తీసిన అంచు ఈ పూట నా వేలు కోసింది. నొప్పి కన్నా ముందు ఒళ్ళంతా జల్లుమంది.

ఆ తర్వాత మా పని పద్ధతే మారిపోయింది. తాపీలు పక్కన పెట్టేసి బ్రష్షులు, వెదురు పుల్లలు పట్టుకున్నాం. ఒక పెచ్చు పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి బయటపడుతూ పోయాయి. ఏదీ కదిలించకూడదని చెప్పాను. ఆడవాళ్ళు మోకాళ్ళ మీద వంగి, ఊపిరి బిగబట్టి మట్టి ఊడ్చేవాళ్ళు. బొమ్మల సారు దారాలతో గళ్ళు కట్టి, ఒక్కో రాయి ఎక్కడ ఎలా పడి ఉందో అలాగే గీసుకుంటూ వచ్చాడు.

నక్షా పూర్తయిన రోజు ఆయన కాగితం దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"మేడం, జర గిటు రాండ్రి. రాళ్ళను సూడకుండ్రి. రాళ్ళు లేని కాడ సూడుండ్రి."

చూశాను. పెచ్చులు దట్టంగా పడిన చోట నడుమ ఒక ఖాళీ ఉంది. అక్కడ ఒక్క పెచ్చు కూడా లేదు. ఖాళీ ఒక వైపు వెడల్పుగా మొదలై, తర్వాత రెండు పాయలుగా చీలి సాగింది. ఆ రెండు పాయల మధ్య మాత్రం పెచ్చులు గుట్టగా పడి ఉన్నాయి. అర్థం కావడానికి క్షణం పట్టింది.

అవి కాళ్ళు. ఒక మనిషి కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చున్నాడు. ఒళ్ళో రాయి పెట్టుకుని కొట్టాడు. ఊడిన పెచ్చులు రెండు కాళ్ళ మధ్యా, పక్కలకూ పడ్డాయి. తొడల మీద పడినవి లేచేటప్పుడు దులుపుకుని ఉంటాడు. ఆ మనిషి లేచి వెళ్ళిపోయాడు, కూర్చున్న చోటు మిగిలింది.

బొమ్మల సారు మెల్లగా అన్నాడు, "మీరు కూసోండ్రి మేడం. ఆడ ఏం లేదు గద, ఖరాబు గాదు."

చెప్పులు విడిచి, పెచ్చులకు తగలకుండా జాగ్రత్తగా ఆ ఖాళీలో కూర్చుని కాళ్ళు చాపాను. సరిగ్గా ఇమిడాయి. ఎదురుగా ఒర్రె, దాని అవతల గుట్టల వరస. నీళ్ళకు వచ్చే జంతువులు కనిపించే చోటు అది. గాలి వెనక నుంచి వస్తోంది. ఆ మనిషి ఆడో మగో, ఏ భాష మాట్లాడారో, అసలు మాట్లాడారో లేదో నాకు తెలియదు. కానీ తల ఎత్తినప్పుడు ఏం కనిపించిందో మాత్రం ఇప్పుడు తెలిసింది. గుట్టలు ఎక్కడికీ పోలేదు.

గట్టు మీద నుంచి దాదా దిగి వచ్చాడు. విషయం చెప్పాను. ఆయన తువ్వాల తీసి భుజాన వేసుకుని, ఆ ఖాళీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎవలు బాయీ? మావోళ్ళా?"

"తెల్వది దాదా. అప్పటోళ్ళ ముచ్చట ఎవలకు ఎర్క?"

"తెల్వకపోతే తెల్వకపాయె," అన్నాడు దాదా. "కూసున్నడు గద. గది సాలు."

ఆ పూట అన్నం మూటలు విప్పుకుని, తవ్విన ట్రెంచికి దూరంగా కూర్చుని, అటే చూస్తూ తిన్నాం.

కొన్నాళ్ళకు ఒక పొద్దున జీపు దిగి ముందుకు పోబోతుంటే దాదా కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగు బాయీ. పులి వోయింది."

మేం జల్లెడ పట్టి కుప్ప పోసిన మెత్తటి మట్టి మీద అడుగులు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. కుప్ప ఎక్కి, దిగి, ట్రెంచి అంచు వెంబడి నడిచి, కప్పిన తార్పాలిన్ దగ్గర కాసేపు నిలబడి, ఒర్రెలోకి దిగిపోయింది. అంత పెద్ద జంతువు పక్క నుంచి పోయినా ఒక్క దారం తెగలేదు. ఆ అడుగుల మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆ మనిషి కూడా ఇలాంటి అడుగులు చూసే ఉంటాడు. ఆయనకు జీపు లేదు.

మధ్యాహ్నానికి అడవి అధికారి వచ్చాడు. మర్యాదస్తుడే, కానీ గట్టి మనిషి.

"మేడం, మీకేమన్నయితే నేను జవాబు చెప్పుకోవాలె. రేపటి సంది బంద్ చేయుండ్రి."

"సార్, ఇవి గిట్లనే ఇడిసిపెట్టి పోతే ఒక్క వానకు ఒర్రెల కలుస్తయి. మల్ల ఎన్నడూ దొరకయి. ఉన్నయి ఉన్నట్టు ఎత్తుకునేదాకా టైం ఇయ్యుండ్రి."

ఆయన ట్రెంచిలోకి చూశాడు. బొమ్మల సారు నక్షా విప్పి, కాళ్ళ ఆకారం వేలితో చూపించాడు. అధికారి టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఆ కాగితాన్నీ నేలనూ మార్చి మార్చి చూశాడు. చివరికి, "ఎండ మంచిగ ఎక్కినంక రాండ్రి. ఎండ తగ్గకముందే పోవాలె. ఇంకో ఇద్దరు వాచర్లను ఇస్త," అన్నాడు.

అలా పులి నీడన పడుకునే వేళలో, నడినెత్తి మీద ఎండ మండుతుంటే మేం ఆ రాళ్ళు ఎత్తాం. ఒక్కో పెచ్చు ఒక్కో కాగితం పొట్లంలో. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వంతులు వేసుకుని గొడుగులు పట్టారు. కాళ్ళ ఎదురుగా, ఒర్రె అంచుకు ఇంకో చిన్న రాళ్ళ గుంపు ఉంది. నీళ్ళకు కొట్టుకొచ్చిన చెత్తలా కనిపించినా దాన్నీ అలాగే పొట్లాలు కట్టాం. వానలు మొదలయ్యేలోపు అన్నీ కరీంనగర్ చేరాయి.

అక్కడ మా ఆఫీసు మేడ మీద ఒక పొడవాటి గదిలో బల్లలు వేసి, ఇసుక పోసిన పళ్ళేలలో పెచ్చులన్నీ పరిచాం. ఇవన్నీ ఒకే రాయి నుంచి ఊడినవైతే మళ్ళీ ఒకదానికొకటి అతకాలి. పగిలిన కుండ ముక్కలు కలిపినట్టే, కాకపోతే కుండ ఆకారం ముందే తెలుసు, ఇక్కడ ఏమీ తెలియదు. బయట వాన, లోపల బొమ్మల సారు, నేను. రోజులు గడిచాయి గానీ ఒక్కటీ కలవలేదు. కళ్ళు మూసుకుంటే పెచ్చులే కనిపించేవి.

ఒక మధ్యాహ్నం నేను టీ పోస్తుంటే వెనక నుంచి 'టక్' మని చిన్న చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే బొమ్మల సారు రెండు చేతులూ గాలిలో అలాగే పట్టుకుని ఉన్నాడు, కదిలితే ఏమవుతుందో అన్నట్టు. రెండు పెచ్చులు ఒకటైపోయాయి. కలిసిన చోట గోరు పెట్టి గీరినా గీత తగల్లేదు.

"ఇడిసిపెట్టి ఎన్నేండ్లాయెనో," అన్నాడు ఆయన. "మల్ల కలిసినయి."

ఒకటి కలిశాక మిగతావి దారి ఇచ్చాయి. ఆ వానాకాలమంతా రాయి పొర మీద పొర పెరుగుతూ వచ్చింది. చివరికి ఆ మనిషి ఒర్రెలో నుంచి ఏరుకున్న అసలు గుండురాయి మా బల్ల మీద లేచి నిలబడింది. కానీ లోపల డొల్ల. చుట్టూ పెచ్చులు, నడుమ ఖాళీ. ఆయన ఏ పనిముట్టు కోసం ఇదంతా చెక్కాడో అది మాత్రం లేదు. దాన్ని వెంట తీసుకుపోయాడు.

బొమ్మల సారు ఆ డొల్ల లోపల సబ్బు నీళ్ళు పలచగా పూసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి పోశాడు. బోర్డుల మీద లేచి కనిపించే అక్షరాలు అలాగే చేసేవాడట. ఆరాక పెచ్చులు ఒక్కొక్కటే విప్పాం. లోపల నుంచి తెల్లగా, మామిడి టెంక ఆకారంలో, అరచేతిలో ఇమిడే చేతిగొడ్డలి బయటకు వచ్చింది. రెండు వైపులా ఒకే తీరు అంచు, కొన దగ్గర చిన్న వంపు. బోడగడ్డ మీద నుంచి నడిచి వెళ్ళిపోయిన వస్తువు ఆకారం అది. నేను పట్టుకున్నాను, ఆయన పట్టుకున్నాడు, మళ్ళీ నేను పట్టుకున్నాను.

ఇక మిగిలింది ఒర్రె అంచున దొరికిన చిన్న గుంపు. దాన్ని సర్దేసి పెట్టెలో వేద్దామని పళ్ళెం ముందు కూర్చున్నాను. నాసిరకం రాయి, లోపల పగుళ్ళు. పెచ్చులు సగంలోనే విరిగినవి. గుండురాయి మీద ఒకే చోట మళ్ళీ మళ్ళీ కొట్టి నలిపేసిన గుర్తులు. దెబ్బ ఎక్కడ పడాలో తెలిసీ, చెయ్యి మాట వినక పడ్డ దెబ్బలు.

అవి చూస్తుంటే మా ఇంటి సంగతి గుర్తొచ్చింది. సిరిసిల్లలో మా బాపు, అంటే నాన్న, సాంచెల మీద వైపని చేసేవాడు. సాంచె అంటే మరమగ్గం. పడుగు పోగులు చుట్టిన కొత్త భీము ఎక్కించినప్పుడు దాని పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా అతకడం ఆ పని. బడి లేని రోజుల్లో నేనూ వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. నేర్పమంటే, తెగి పడిన పనికిరాని పోగులు నా ఒళ్ళో వేసేవాడు. నేను పురిపెట్టిన ప్రతి అతుకూ ఊడిపోయేది. నా కాళ్ళ దగ్గర నలిగిన పోగుల కుప్ప పడేది. ఆ సాంచెల చప్పుడులో మాట వినిపించదు. అందుకే బాపు ఏమీ చెప్పేవాడు కాదు. నా చేతిలో పోగులు తీసుకుని, నా కళ్ళ ముందే మెల్లగా ఒక్క అతుకు వేసి, మళ్ళీ ఆ పోగులు నా చేతిలో పెట్టేవాడు.

వెంటనే నక్షా తెప్పించి చూశాను. చిన్న గుంపు పడ్డది సరిగ్గా ఆ చాపిన కాళ్ళకు ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఎవరో ఎదురుగా కూర్చుని నేర్చుకుంటున్నారు.

నలిగిన ఆ రాయిని కూడా కలిపి చూశాం. ఏ దెబ్బ ముందు, ఏ దెబ్బ వెనక అన్నది రాయి మీదే తెలుస్తుంది, తర్వాత పడిన దెబ్బ ముందటి దాని గుర్తును కోసేస్తుంది కాబట్టి. మొదట అన్నీ వంకర దెబ్బలు. వాటి మధ్యలో ఒకే ఒక్క పెచ్చు పొడవుగా, పలచగా, శుభ్రంగా ఊడింది. మళ్ళీ వంకర దెబ్బలు. బొమ్మల సారు ఆ మంచి పెచ్చును పెద్ద గుంపులోని పెచ్చుల పక్కన పెట్టి భూతద్దంలో చూశాడు. దెబ్బ పడిన కోణం ఒకటే, తీరు ఒకటే.

"గిది అదే చెయ్యి మేడం," అన్నాడు.

నేర్చుకునేవాళ్ళ చేతిలో నుంచి రాయి తీసుకుని, ఒక్క దెబ్బ కొట్టి చూపించి, మళ్ళీ రాయి వాళ్ళ చేతిలో పెట్టిన గుర్తు అది. దాని తర్వాత పడిన దెబ్బలు మంచివేమీ కావు, కానీ ముందటివాటికంటే కాస్త మెరుగు. బొమ్మల సారు పెన్సిలు కింద పెట్టి వరండాలోకి వెళ్ళి వాన చూస్తూ నిలబడ్డాడు. తిరిగి వచ్చాక, "నోటితోని చెప్పిండో, ఉత్తగ చేతితోనే చూపిండో," అన్నాడు. ఎంత పాత కాలం వైపు చూస్తున్నామో తలచుకుంటే ఆ గదిలో మేం ఇద్దరం చాలా చిన్నగా అనిపించాం. భయం లాంటిదే, కానీ అందులో ఎక్కడో సంతోషం ఉంది.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు బాపుకు చెప్పాను. సాంచెల మధ్య బతికిన చెవులు కాబట్టి గట్టిగా చెప్పాలి. అవ్వ, మా అమ్మ, బీడీలు చుట్టడం ఆపి వింది. బాపు అంతా విని ఒకటే అడిగాడు.

"మల్ల గా నేర్చుకునేటోనికి పని వచ్చిందా?"

"తెల్వది బాపూ. ఆ పక్కదంతా ఒర్రె కొట్టుకపోయింది."

"వస్తది," అన్నాడు బాపు, ఆ సంగతి నిన్ననో మొన్ననో జరిగినట్టు. "చూపెట్టెటోడు పక్కన్నే ఉన్నంక ఎందుకు రాదు?"

చలికాలంలో ట్రెంచిని ఇసుకతో పూడ్చి రావడానికి మళ్ళీ బోడగడ్డకు వెళ్ళాం. కలిపిన రాళ్ళు దూదిలో చుట్టి వెంట తీసుకెళ్ళాను. తవ్వినవాళ్ళు చూడకుండా అవి అద్దాల బీరువాలోకి పోవడం నాకు ఇష్టం లేదు. దుప్పటి పరిచి, చుట్టూ కూర్చోబెట్టి, జరిగినదంతా చెప్పాను. అక్క ఆ మంచి పెచ్చును దాని చోటు నుంచి తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది. 'టక్' మన్న ప్రతిసారీ ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దాదా నేర్చుకునేవాళ్ళ రాయిని రెండు చేతులతో పట్టుకుని, వంకర దెబ్బల మీద వేలితో తడిమాడు.

"చిన్న చెయ్యి బాయీ," అన్నాడు. "బలం లేదు, తొందరున్నది."

అక్క ఉన్నట్టుండి లేచి ఒర్రెలోకి దిగి రెండు రాళ్ళు ఏరుకొచ్చింది. "నేను జూస్త మేడం," అని కాళ్ళు చాపి కూర్చుని కొట్టింది. రాయి కదలలేదు. మళ్ళీ కొట్టింది. చిన్న ముక్క ఎగిరి పక్కామె మీద పడింది. అందరూ నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు రాళ్ళు తెచ్చుకున్నారు. బొమ్మల సారు కూడా కూర్చున్నాడు. నేను మాత్రం కంగారు పడుతూ, "దుప్పటి మీదనే కొట్టుండ్రి, ఒక్క పెచ్చు గూడ బయట పడొద్దు, రేపు ఎవలన్న వచ్చి పాతయనుకుంటరు," అని చుట్టూ తిరుగుతున్నాను. ఎవరికీ మంచి పెచ్చు రాలేదు.

కాసేపటికి నవ్వులు ఆగాయి. అందరూ తలలు వంచుకుని పనిలో పడిపోయారు. గుట్టల వైపు నుంచి గాలి వీస్తోంది. టక్, టక్ మని రాయి మీద రాయి చప్పుడు ఆ బోడి నేల మీద సాగి, ఒర్రె అవతల గుట్టలకు తగిలి తిరిగి వచ్చింది. నేను తిరగడం మానేసి నిలబడి విన్నాను.